నాలుగు కుళాయిల ఫ్రీజరు

“మెకానిక్ ఎప్పుడొస్తాడు?”

చేపల గోదాములో మోకాళ్ళ మీద కూర్చుని కంప్రెసర్ మూత విప్పుతున్నాను. చేతిలో స్పానరు, ఒంటిమీద కంపెనీ చొక్కా, పక్కన పనిముట్ల సంచి. అయినా ఆ మేనేజరు నన్ను దాటి తలుపు వైపు చూస్తూ అడిగాడు. “వచ్చి అరగంటైంది, నేనే,” అన్నాను. పాతికేళ్ళుగా నార్వేలోని ఈ ఓలెసున్ రేవు చుట్టుపక్కల చలియంత్రాలన్నీ బాగుచేస్తున్నది నేనే. ఈ ప్రశ్న వారానికొకసారైనా వినబడుతుంది. బయటివాళ్ళ మాటలే అని దులిపేసుకుని ఇంటికొస్తాను. ఇంట్లోనూ అదే ప్రశ్న నడుస్తోందని తెలియడానికి మాత్రం నాకు నా ఫ్రీజరే కావలసివచ్చింది.

మా ఆయన తెర్యెకి జూన్‌లో యాభై నిండుతాయి. ఇంట్లో బీరు కాయడం అతని సరదా. కాచేది అతను, అడుగంటిన అండాలు తోమేది నేను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం కింద సెల్లారులోకి దిగేసరికి నా డీప్ ఫ్రీజరు ముందు నిలబడి ఉన్నాడు. దాని తెల్లటి ఒంటిమీద పెన్సిలుతో నాలుగు గుండ్రాలు గీశాడు. చేతిలో డ్రిల్లు.

“లోపల పీపాలు, బయట కుళాయిలు. మూడు బీరుకి, ఒకటి వైనుకి. నా పుట్టినరోజుకల్లా తయారవ్వాలి,” అన్నాడు.

“అందులో దుప్పి మాంసం ఉంది. చేపముద్దలు, అడవిపళ్ళు, క్రిస్మస్‌కి చేసిన రొట్టెలు...”

“నువ్వు పెట్టినవేగా, నువ్వే తియ్యి.”

“తెర్యె, ఆ గోడల్లో గొట్టాలు తిరుగుతుంటాయి. డ్రిల్లు ఒక్కదానికి తగిలిందంటే గ్యాసంతా పోతుంది. ఇక చెత్తబండికే.”

“అబ్బ, వీడియోలన్నీ చూశాలే. ప్రతిదానికీ భయమే నీకు!”

ఈ ఊళ్ళో సగం ఫ్రీజర్లకు ప్రాణం పోసినదాన్ని నేను. వీడియో చూసినవాడు అతను. నేను వెళ్ళి డ్రిల్లు ప్లగ్గు పీకేశాను. అది నా మొదటి జీతంతో కొన్న ఫ్రీజరు, మా పెళ్ళికంటే ముందు నుంచీ నాతో ఉంది. గోడకి చిల్లు పెట్టక్కర్లేదు, పెట్టెకీ మూతకీ మధ్య చుట్టూ చెక్కతో ఒక పట్టీ కడితే కుళాయిలు దానికే బిగించుకోవచ్చు, వద్దనుకున్నరోజు విప్పేస్తే ఫ్రీజరు ఫ్రీజరులాగే ఉంటుంది అని చెప్పాను. “ఏదో ఒకటి కానీ. నీకిది ఒక పూట పని,” అన్నాడు.

ఆ ఒక పూట పదిహేను వారాలైంది. ముందు ఖాళీ చెయ్యడానికే మూడు వారాలు పట్టింది. రోజూ దుప్పి మాంసం వండాను, పళ్ళన్నీ జామ్ కాచాను, మిగిలింది చుట్టాలిళ్ళకు మోశాను. మా ఇంట్లో సమానత్వం ఉందండోయ్! శుక్రవారం తెర్యె టాకోలు చేస్తాడు, ఆ సంగతి మంగళవారం దాకా ఆఫీసులో చెప్పుకుంటాడు. వారంలో మిగిలిన ఇరవై పూటల వంటని వంట అనరు కాబట్టి దాని గురించి చెప్పుకునేవాళ్ళు లేరు. “నా పెళ్ళాం యంత్రాలు బాగుచేస్తుంది, మేము ఆధునికులం,” అని నలుగురిలో అంటాడు. మా అత్తగారు బోర్గిల్ మాత్రం నా చేతులు చూసి పెదవి విరుస్తుంది. “అవేం చేతులే అమ్మా, ఆకురాయిలా!” అంటుంది.

కానీ ఒక నిజం చెప్పాలి. ఆ పని నాకు నచ్చింది, చాలా నచ్చింది. వండింది గంటలో తినేస్తారు, తుడిచిన నేల సాయంత్రానికి మాసిపోతుంది. ఇది అలా కాదు, నిలబడుతుంది. పైన్ చెక్క కోసి, చిత్రికపట్టి, నాలుగు చిల్లులు పెట్టాను. బీరు గడ్డకట్టకుండా నాలుగు డిగ్రీల దగ్గర కరెంటు ఆపే పరికరం అమర్చాను. నురగ పొంగకుండా ఒక్కో గొట్టం ఎంత పొడవుండాలో లెక్కేసి, కోసి, మళ్ళీ కోశాను. వైనుకి వేరే సిలిండరు పెట్టాను. బీరుని తోసే గ్యాసు వైన్లోకి పోతే అది సోడా అవుతుంది, దానికి నైట్రోజన్ కావాలి. ఆ సంగతి తెర్యెకి రెండుసార్లు చెప్పాను. మొదటిసారి అన్ని కుళాయిలూ నీళ్ళతో పరీక్షించినప్పుడు నాలుగు ధారలూ సన్నగా, తిన్నగా పడ్డాయి. సెల్లారులో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. పుట్టినరోజు నాడు అందరిముందు అతను ఒక్క మాట అంటాడని అప్పుడే మనసులో ఆశ పెట్టుకున్నాను. ‘ఇది తూరున్ కట్టింది.’ అంతే, నా పేరుతో ఆ మూడు మాటలు చాలు. ఇరవైరెండేళ్ళ కాపురంలో నేను ఎదురుచూసింది ఏదైనా ఉందంటే అదే.

తెర్యె కూడా ఒక పని చేశాడు. చివరి వారం చెక్కపట్టీ మీద ‘తెర్యె పానశాల’ అని కాల్చి రాశాడు. అక్షరాలు బాగానే కుదిరాయి.

పుట్టినరోజు నాడు, శనివారం మధ్యాహ్నం ముప్పైమంది వచ్చారు. ఫ్రీజరుని ముందురోజే నలుగురు పట్టుకుని పైన వరండాలోకి ఎక్కించారు. నేను తెల్లవారుజాము నుంచి వంటలో ఉండి, చివరికి మీగడ కేకు పట్టుకుని బయటికొచ్చేసరికి వరండా అంతా కేరింతలే. మరిది స్వెర్రె నాలుగో గ్లాసు తాగుతున్నాడు.

“అన్నయ్యా, అదిరింది! ఇలాంటిది కట్టాలంటే చేతిలో పనితనం ఉండాలి.”

నేను కేకు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తెర్యె నన్ను చూశాడు. నేను చూస్తున్నానని కూడా చూశాడు.

“ఏముందిరా, శీతాకాలమంతా పట్టింది. గోడకి చిల్లు పెట్టకూడదు, అదీ కిటుకు. చెక్కతో పట్టీ కట్టాలి,” అన్నాడు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. సామెత వింటే నవ్వొస్తుంది, మనదాకా వస్తే కడుపు మండుతుంది. కేకు బల్లమీద పెట్టాను. ఇవాళ అతని పుట్టినరోజు, పోనీలే అనుకున్నాను. ఆ ‘పోనీలే’ని నేను ఎన్నేళ్ళుగా నమిలి మింగుతున్నానో!

అంతలో అత్తగారు గ్లాసు మూతికి దూరంగా పెట్టి మొహం చిట్లించింది. “ఇదేం వైన్రా? నాలిక చురచురమంటోంది. సోడా పోశావా?”

ఫ్రీజరు వెనక్కి వంగి చూశాను. నైట్రోజన్ సిలిండరు లేదు. వైను గొట్టం బీరు గ్యాసుకి కలిపి ఉంది. గురువారం తెర్యె “రెండు సిలిండర్లు చూడ్డానికి బాలేవు,” అని గొణగడం గుర్తొచ్చింది. ఒకటి తీసేశాడన్నమాట. లేచి నిలబడేలోపే అతని నవ్వు వినబడింది.

“ఆ వైను సంగతి నాకు తెలీదమ్మా. అది తూరున్ కలిపింది.”

అందరూ నవ్వారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, తేలిగ్గా నవ్వారు. అంటే నా పేరు అతనికి గుర్తుంది! ఇందాక చెప్పనిది నోరు తిరగక కాదు, మరిచిపోయీ కాదు. బాగున్నది తను కట్టింది, చెడిపోయింది నేను కలిపింది.

“నువ్వే కట్టానన్నావుగా ఇందాక?” అంది అత్తగారు గ్లాసులోకి చూస్తూ. ఆవిడ గొంతులో అంత చురుకు నేనెప్పుడూ వినలేదు.

“అంటే, అదీ... తూరున్, కాస్త చూడవూ?” అన్నాడు తెర్యె.

“చూస్తాను,” అన్నాను.

సంచి తెచ్చుకున్నాను. గ్యాసు కట్టేశాను. పీపాల్లో పీడనం వదిలాను, గొట్టాలు ఊడదీశాను. సరిచేస్తున్నాననుకుని స్వెర్రె ఉత్సాహంగా సాయం పట్టాడు. “ఈ పీపాలు మీ అన్నయ్యవి, అటు దించు,” అంటే ఒక్కొక్కటే దించాడు. కరెంటు ఆపే పరికరం తీసి ప్లగ్గు తిన్నగా గోడకి పెట్టాను. మడతబందులు విప్పి, మూత ఎత్తి, చెక్కపట్టీ కుళాయిలతో సహా పైకి లేపాను. మూత పాత చిల్లుల్లోనే బిగించాను. ఫ్రీజరు గుర్రుమని మొదలెట్టింది. ఒక్క గీత పడలేదు, ఆ పెన్సిలు గుండ్రాలు తప్ప. కొంగు తడి చేసి అవీ తుడిచేశాను. అంటే ఏప్రన్ కొంగే అనుకోండి.

పట్టీని తీసుకెళ్ళి కేకు పక్కన బల్లమీద పెట్టాను. ‘తెర్యె పానశాల’ అని స్పష్టంగా కనబడుతోంది.

“ఫ్రీజరు నాది, సోమవారం నుంచి మళ్ళీ నింపుకుంటాను. ఈ అక్షరాలు నువ్వు చేసినవి, నీ దగ్గరే ఉంచుకో.”

“తూరున్! ఇంతమంది ముందు... మరి బీరు? దీన్ని మళ్ళీ ఎవరు బిగిస్తారు?”

ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేశాను. అత్తగారి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ కేకు పళ్ళెం నావైపు జరిపింది.

“మెకానిక్ ఎప్పుడొస్తాడో ఫోన్ చేసి కనుక్కో,” అన్నాను.