ఫోన్లో అరెస్టు, వాకిట్లో ఊరు

బండకిందపల్లిలో ఆంజినమ్మ నోటికి భయపడనివాళ్లు లేరు. గట్టు జరిపినవాడినైనా, కరెంటు బిల్లు తప్పుగా వేసినవాడినైనా, చెయ్యి ఎత్తినా ఆపకుండా పోయిన బస్సు డ్రైవరునైనా నిలబెట్టి కడిగేసే మనిషి. అలాంటి ఆంజినమ్మ ఆ పొద్దు రాగిపిండి డబ్బాకు ఆనించిన సెల్‌ఫోను ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఫోన్లో ఒక పోలీసాయన. ఖాకీ చొక్కా, భుజాల మీద నక్షత్రాలు, వెనక జెండా, ముందు బల్ల మీద ఫైళ్ల గుట్ట. నిజం పోలీసులకు కూడా అంత పోలీసు కళ ఉండదు.

"మీ ఆధార్ నంబరు మీద మత్తుమందుల పార్సెల్ వెళ్లింది. మీరిప్పుడు డిజిటల్ అరెస్టులో ఉన్నారు," అన్నాడాయన, ఢిల్లీ నుంచి అని చెప్పుకుంటూ. "ఫోను ముందు నుంచి కదలకూడదు. ఎవరికీ చెప్పకూడదు. చెబితే వాళ్లూ జైలుకే."

"సార్, నేను కదిరి దాటి యాడికీ పోలేదు సార్. మందంటే మాకు చెనిక్కాయ చేనికి కొట్టేదే తెల్సు."

"అదంతా కోర్టులో చెప్పుకోండి. మీ బ్యాంకులో ఉన్న డబ్బు మొత్తం మేమిచ్చే ప్రభుత్వ ఖాతాకు పంపాలి. సక్రమమైన డబ్బని తేలితే సాయంత్రానికి తిరిగి వేస్తాం. బస్సెక్కి బ్యాంకుకు వెళ్లండి. ఫోను ఆపకుండా సంచిలో పెట్టుకోండి. పంపనంటే జీపు పంపిస్తాను. ఊరంతా చూస్తుండగా సంకెళ్లు వేస్తారు."

బ్యాంకులో ఉన్నది గొర్రెల డబ్బు. తానూ మొగుడు గోవిందప్పా ఎండనకా గాలనకా మేపిన మందను మొన్ననే సంతలో అమ్మేసి, బోరు కోసమని వేసుకున్నారు. పాత బోరు ఎండిపోయి మూడు పంట కార్లు దాటాయి. వాన పడితే పంట, పడకపోతే మంట అన్నట్టుంది చేను. రేపు బోరు లారీ వస్తానంది. ఆ డబ్బు పోతే ఈ జన్మకు మళ్లీ బోరు మాట లేదని ఆమెకు బాగా తెలుసు. అయినా సంకెళ్ల మాట విన్నాక బోరు మాట వెనక్కి పోయింది. లేచి, పాసుబుక్కు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఆ సారు అనుమతి కావాలేమోనని దిగమింగుకుంది.

సరిగ్గా అప్పుడే గోవిందప్ప చేను నుంచి వచ్చాడు. నీళ్లు పడతాయని గుర్తు పెట్టిన చోట ఎవరూ తొక్కకుండా కంపలు కప్పి వచ్చాడు.

"ఏమే, సంగటికి ఎసరు పెట్టలేదా?" అంటూ లోపలికి వచ్చి, పెళ్లాం ముఖం చూసి, ఆమె చూస్తున్న వైపు చూశాడు. ఖాకీ కనబడగానే భుజం మీది టవలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవరది?" అంది ఫోను.

"దీని మొగున్ని సార్. ఏం చేసింది సార్ ఇది?"

"మీ భార్య అరెస్టయింది. ఈ విషయం గడప దాటకూడదు. అర్థమైందా?"

"అట్లనే సార్," అన్నాడు గోవిందప్ప ఎంతో వినయంగా. టవలు మళ్లీ భుజాన వేసుకుని గడప దాటి, నేరుగా ఊళ్లోకి చెప్పడానికి పోయాడు.

ఎవరి మాటా జవదాటని గోవిందప్ప అంత పని ఎందుకు చేశాడంటే, బండకిందపల్లికి ఒక కట్టుబాటు ఉంది. ఒకప్పుడెప్పుడో, మేకల దొంగతనమని యేసన్న అనే అమాయకుణ్ణి పోలీసులు ఒక్కణ్ణే పట్టుకుపోయారు. తిరిగొచ్చినవాడు కుంటుతూ వచ్చాడు. లోపల ఏం జరిగిందో చచ్చేదాకా చెప్పలేదు. ఆ తర్వాత ఊరు ఒక మాట అనుకుంది. ఈ ఊరి మనిషిని స్టేషనుకు పిలిస్తే, ఇంటికొకరు తోడు పోవాలి. గొడవ చెయ్యకూడదు, నినాదాలు అరవకూడదు, ఊరికే పోయి కూర్చోవాలి. పేకాట ఆడినవాడికీ, పక్క చేని గట్టు తెగ్గొట్టినవాడికీ కూడా ఇదే న్యాయం. తప్పు చేసినవాడిని దారి పొడుగునా తిట్టుకుంటూ అయినా సరే, తోడు మాత్రం పోతారు. సంగటి మూటలు విప్పి స్టేషను చెట్టు కింద కూర్చున్న ఆ జనాన్ని చూడలేక ఎంతమంది ఎస్సైలు "పొండప్పా ఇంటికి" అన్నారో లెక్క లేదు.

ఈసారి మాత్రం చిక్కు వచ్చింది. స్టేషను ఆంజినమ్మ ఇంట్లోనే ఉంది. కాబట్టి ఊరు ఆంజినమ్మ ఇంటికే వచ్చింది.

విత్తనాల కాలం. ఏ ఇంట చూసినా చెనిక్కాయలు ఒలుస్తున్నారు. పని ఎందుకు చెడగొట్టుకోవాలని చాటలతో సహా వచ్చి, నడవలో కొందరు, వాకిట్లో కొందరు చాపలేసుకుని కూర్చున్నారు. అందరికంటే ముందు కదిరప్ప కూర్చున్నాడు. ఊళ్లో సగం మందికి జామీను సంతకం పెట్టిన పెద్దమనిషి. పక్కింటి సువార్త ఆంజినమ్మ పక్కనే చేరి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తగలగానే ఆంజినమ్మ వెక్కివెక్కి ఏడ్చేసింది.

"ఎవరు వీళ్లంతా?" అన్నాడు ఫోన్లో సారు.

"నమస్తే సార్. ఊరోల్లం. మా ఆంజినమ్మకు తోడొచ్చినాం," అన్నాడు కదిరప్ప. "మాటల్లో గట్టిదే కానీ మనిషి మంచిది సార్. జామీనుకు భూమి ఉండే వాండ్లు ఇద్దరు చాలునా, ముగ్గురు కావల్లనా?"

"ఇది రహస్య విచారణ. మీరంతా బయటికి వెళ్లండి."

"మేం ఏం మాట్లాడం సార్. మా పాటికి మేం కాయలు ఒల్చుకుంటాం. మీరు ఇచారణ చేసుకోండి."

పటపటమని కాయలు చిట్లుతున్న చప్పుడులో విచారణ ఎట్లా సాగుతుంది? ఆయన అరిచాడు. ఇక్కడ ఎవరో వినబడలేదన్నారు. ఇంకా గట్టిగా అరిచాడు. "వెళ్లకపోతే మీరందరూ అరెస్టే," అన్నాడు చివరికి.

వాకిట్లో కాసేపు గుసగుసలు నడిచాయి. ఎవరూ లేవలేదు.

"అట్లనే సార్," అన్నాడు కదిరప్ప. "ఇంగ కొందరు చేన్లకాడ ఉండారు. వాండ్లను కూడా పిలిపిస్తాం. ఒక్కసారే రాసుకుందురు."

సువార్తకు ఆ సారు మీద జాలి కలిగింది. గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నాడు, ఎవరి బిడ్డో. కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ సారు మనసు మెత్తన చెయ్యి. ఈయప్పకు ఏం కష్టమొచ్చి ఇంత కోపంగా ఉండాడో నీకు తెల్సు. ఈయప్ప తల్లిని, పెండ్లాం బిడ్డలను సల్లగా చూడు." ఫోన్లో మనిషి ఎందుకో కిక్కురుమనలేదు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా చేతులాపి ఆమెన్ అనేదాకా ఆగారు.

అంతలో ఊరి బయట బస్సు హారను వినిపించింది. ఫోనుకు మళ్లీ ప్రాణం వచ్చింది. "బస్సు వచ్చింది. ఆమెను ఒక్కదాన్నే ఎక్కించండి. వెంటనే."

ఆంజినమ్మ లేచి నిలబడింది. పాసుబుక్కు సంచిలో పడింది. తన వల్ల ఊరంతా జైలుకు పోవడం ఆమెకు ఇష్టం లేదు. బోరు పోతే పోయింది, ఈ పీడ వదిలితే చాలనుకుంది. గోవిందప్ప గుమ్మంలో అడ్డంగా నిలబడి ఏం చెయ్యాలో తెలియక కదిరప్ప వైపు చూశాడు.

కదిరప్పకు మొదటిసారి కోపం వచ్చింది. "అదేం పద్ధతి సార్? అరెస్టయిన ఆడమనిషిని ఒంటిగా బస్సులో పంపిస్తారా? దావలో ఏమన్నా అయితే ఎవరు బాధ్యులు? జీపు పంపండి, ఆడపోలీసును పంపండి. ఆమె ఎనక మేం ట్రాక్టరు కట్టుకోని వస్తాం. ఢిల్లీ అయితే ఢిల్లీ. కదిరిలో రైలుండాది." అని, తన ఫోను తీశాడు. "ఉండండి, మా స్టేషనోల్లను అడుగుతా. మా ఊరి మనిషిని పట్టుకునేటప్పుడు వాండ్లకు ఒక మాటన్నా చెప్పినారో లేదో."

"ఫోను చెయ్యొద్దు," అన్నాడు సారు. కానీ ఆ గొంతులో ఇందాకటి ఇనుము లేదు.

కదిరప్ప స్టేషనుకు ఫోను చెయ్యనే చేశాడు. బస్సు వెళ్లిపోయింది. కాసేపటికి హెడ్ కానిస్టేబుల్ రామాంజనేయులు మోటారుసైకిలు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చాడు. చాటలు దాటుకుంటూ లోపలికి వచ్చి ఫోను ముందు నిలబడ్డాడు.

"ఏ స్టేషను నువ్వు?" అన్నాడు ఫోన్లో సారు, పోయిన గొంతు తెచ్చుకుని. "నీ పేరు చెప్పు. సాయంత్రానికి సస్పెండు చేయిస్తాను."

ఆంజినమ్మ అప్పుడొకటి గమనించింది. రామాంజనేయులు మడమలు ఒకదానికొకటి చేరాయి. కుడిచెయ్యి సెల్యూటుకు సగం దాకా లేచింది. ఆయన చుట్టూ చూశాడు. గోవిందప్పనూ, కదిరప్పనూ, చాటల వెనక కూర్చున్న ముఖాలన్నిటినీ చూశాడు. లేచిన చెయ్యి మెల్లగా దించాడు.

"ఫోన్లో అరెస్టు చేసే చట్టం ఈ దేశంలో లేదు," అన్నాడు. "నీ నంబరు, నీ ముఖం, అన్నీ రాసుకుంటాండా. దమ్ముంటే అట్లే కూర్చో."

ఫోను నల్లబడింది.

వాకిట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సువార్త మాత్రం తన ప్రార్థన పనిచేసిందనుకుంది. రామాంజనేయులు మంచినీళ్లు తాగి, వాడు పోలీసే కాదనీ, ఆ చొక్కా, ఆ జెండా అన్నీ నాటకం సామానేననీ వివరంగా చెప్పాక ఆంజినమ్మకు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. అప్పటిదాకా దాచుకున్న నోరంతా విప్పింది. వాడి ఏడు తరాలనూ, వాడి చొక్కా కుట్టిన దర్జీనీ కలిపి తిట్టింది. తన ఆంజినమ్మ తనకు దక్కిందని గోవిందప్ప హాయిగా గోడకు జారగిలబడ్డాడు.

"సరే సార్, వాన్ని ఎప్పుడు పట్టుకుంటారు?" అంది తిట్లయ్యాక.

"పట్టుకునేది అంత తేలిక కాదమ్మా. నంబరు ఒక రాష్ట్రంలో, బ్యాంకు ఖాతా ఇంగో రాష్ట్రంలో. వాడు ఏ దేశంలో కూర్చున్నాడో. మా స్టేషను సరిహద్దు ఆ వాగు వంక దాకనే."

"దొంగకు సరిహద్దు లేదు, పోలీసుకుండాది. ఇదేం ఆట సార్?"

"అదే నాకూ తెల్దు. కానీ నువ్వు ఫిర్యాదు ఇయ్యి. పోలీసులకు నోరు తెరిచి ఎవరూ చెప్పకపోతే వాడు రోజుకో ఇంట్లో ఇట్లే కూర్చుంటాడు."

ఆంజినమ్మ ఆయన చేతివైపు చూసింది.

"ఒగ మాట అడుగుతా సార్. వాడు దొంగ అని నీకు తెల్సు. మరి నీ చెయ్యి ఎందుకు లేసింది?"

రామాంజనేయులు ఎవరిదో చాటలోంచి ఒక కాయ తీసుకుని, ఒలిచి, పప్పు తినకుండా అరచేతిలో పెట్టుకున్నాడు.

"పోయిన సంవత్సరం నన్నూ చేసినారమ్మా అరెస్టు," అన్నాడు. "ఇదే మాదిరి. యూనిఫారం తొడుక్కోని, తలుపేసుకోని, ఫోను ముందర అటెన్షన్లో నిలబడినా. మా బిడ్డ గౌతమి చదువుకు పెట్టుకున్నదంతా పంపించినా. ఇంట్లో కూడా చెప్పలేదు. అప్పిచ్చినా అని చెప్పుకుంటాండా."

"ఫిర్యాదు ఇయ్యలేదా?"

"మా స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునేది నేనే. నా ఫిర్యాదు నేనెట్ల రాసుకునేది? పోలీసే మోసపోయినాడంటే ఊరుకుంటారా, నవ్వరా?"

ఎవరూ నవ్వలేదు. ఆంజినమ్మకు ఆ పెద్దమనిషి తలుపేసుకుని గదిలో ఒంటరిగా నిలబడటం కళ్లకు కట్టింది. పొద్దున సువార్త చెయ్యి తగిలేదాకా తాను ఎట్లా ఉన్నదో గుర్తొచ్చింది. ఇంతమంది ఉన్న తనకే అంత భయమేస్తే, ఎవరూ లేకుండా ఆయన ఎట్లా తట్టుకున్నాడో అనుకుంది.

"కదిరప్ప మామా," అంది లేస్తూ. "ట్రాక్టరు కట్టు."

"యాడికమ్మా? ఆయప్ప ఫోను పెట్టేసినాడు గదా."

"నా ఫిర్యాదు ఒకటి, సార్ ఫిర్యాదు ఒకటి. రెండూ ఇచ్చొద్దాం. మా పొయ్యి మీద సంగటి లేదు, అందరూ మీ ఇండ్లల్లోది మూటలు కట్టుకోండి."

రామాంజనేయులు వద్దన్నాడు. మొదట అధికారంగా వద్దన్నాడు, తర్వాత బతిమాలుతూ వద్దన్నాడు. గోవిందప్ప పొద్దున్నే పోలీసు మాట కాదన్నవాడు కదా, ఆ ధైర్యం ఇంకా దిగలేదు. రామాంజనేయులు మోటారుసైకిలుకున్న తాళంచెవి తీసి తన జేబులో వేసుకుని, ఆయనకు ట్రాక్టరులో ముందువైపు చోటు చూపించాడు. చాటలతో, మూటలతో జనం ఎక్కారు. దారిలో రేపటి బోరు లారీ డ్రైవరు ఫోను చేస్తే ఆంజినమ్మే ఎత్తి, ముఖం చూపించమని అడిగి, వాడి లారీ కూడా చూశాక గానీ మాట్లాడలేదు.

స్టేషను ముందు ట్రాక్టరు ఆగేసరికి ఎస్సై వరండాలోకి వచ్చాడు. కొత్తగా వచ్చినవాడు. బండకిందపల్లి కట్టుబాటు సంగతి మాత్రం మొదటి వారంలోనే తెలుసుకున్నాడు.

"మళ్లీ ఏమైందప్పా? మీ ఊళ్లో మేం ఎవర్నీ పట్టుకురాలేదే," అన్నాడు. "ఎవరికి తోడొచ్చినారు?"

ట్రాక్టరు దిగలేక తల దించుకుని కూర్చున్న రామాంజనేయులు చెయ్యి పట్టుకుని ఆంజినమ్మ కిందికి దించింది.

"మీ హెడ్డు సారుకు," అంది.