ఆరు నిద్రలు

"ఏ రాత్రి ఏ ఊర్ల పండుకుంటరో అన్నీ రాసియ్యాలె అక్కా. ఒక్క రాత్రి ఖాళీ ఉన్నా వీసా ఫైలు వాపసొస్తది" అని కరీంనగర్ ట్రావెల్స్ ఆఫీసు సాయిచంద్ ఫోన్లో చెప్పినప్పుడు వినోద చాటలో బియ్యం ఏరుతోంది. మర్నాడు మామ కొమురెల్లి ఆరో మాసికం. ఫోను పెట్టేశాక ఆమెకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఏ రాత్రి ఎక్కడ పడుకున్నావని ఎవరైనా అడిగితే ఒక్క లైను రాస్తే సరిపోయేది. కొండగట్టుకు ఇవతల ఈ ఊరు, ఈ ఇల్లు, వంటింటి పక్క అర్రలో తలుపును ఆనుకుని ఉన్న మంచం. తలుపు దగ్గరే ఎందుకంటే ఇంట్లో ఎవరు పిలిచినా ముందు లేవాల్సిన మనిషి తనే కాబట్టి. ఇప్పుడు రాయాల్సిన లెక్క వేరు. నాలుగు రోజులు జర్మనీలో ఆఫీసు పని. ఆ తరువాత ఆరు రాత్రులు, మూడు వియన్నాలో, మూడు ప్రాగ్‌లో. మధ్యలో ఒక పగలు బ్రటిస్లావా. ఆ ఆరు రాత్రులు ఆమెవి.

వినోద పసుపు రైతుల కంపెనీలో సరుకు నాణ్యత చూస్తుంది. కొమ్ము విరిచి, వాసన చూసి, ఇది సరిగ్గా ఉడికిందా, ఎండిందా అని చెప్పేస్తుంది. మిషను తరువాత చెప్పేదీ అదే. ఫిబ్రవరిలో జర్మనీలో మసాలా దినుసుల ప్రదర్శన ఉంది, అక్కడి వ్యాపారులకు మన పసుపు గురించి చెప్పడానికి నువ్వే పోవాలని కంపెనీ వాళ్లు ఏడాది ముందే అన్నారు. ఆ మాట ఇంట్లో ఆమె మొదట చెప్పింది మొగుడికి కాదు, మంచంలో ఉన్న మామకు.

కొమురెల్లి పక్షవాతం వచ్చి మూడేళ్లు మంచంలో ఉన్నాడు. పొద్దున ఒళ్లు తుడవడం, బట్ట మార్చడం, తినిపించడం అన్నీ వినోదే. ఆఫీసుకు సెలవున్న మధ్యాహ్నాలు ఆయనకు పొద్దుపోయేది కాదు. బిడ్డ దీపిక బడి చదువుల నాటి అట్లాసు ఒకటుంటే తెచ్చి ఆయన ముందు తెరిచింది. మక్క చేన్లు, పసుపు మళ్లు తప్ప ఏమీ చూడని మనిషి, చూపుడువేలు ఒక్కటే కదిలే మనిషి, ఆ వేలితో దేశాలు తిరిగాడు.

"గీ నీలం గీతేంది బిడ్డా?"

"డాన్యూబ్ అని నది మామా."

"మన గోదారంత ఉంటదా?"

ఉంటుందో లేదో ఆమెకు మాత్రం ఏం తెలుసు? ఆ నది వెంట వేలు పోనిచ్చి, అక్కడి నుంచి పైకి ప్రాగ్ దాకా జరిపి ఊళ్లు ఎంచింది ఆయనే. వియన్నా నుంచి బ్రటిస్లావాకు గంట ప్రయాణం అంటే ఆయన నమ్మలేదు. జగిత్యాల పోయి వచ్చేంత సేపట్లో ఇంకో దేశం పోయి రావచ్చా అని రోజంతా నవ్వుకున్నాడు. "పని అయిపోంగనే ఉరికి రాకు. ఎట్లనన్న అంత దూరం పోతున్నవ్, నిమ్మలంగ చూసి రా. వచ్చి నాకు చెప్పాలె" అన్నాడు. ఆ మాట అన్న రెండు నెలలకు, జూన్లో, పోయాడు.

అందుకే ఆ ఆరు రాత్రులు ఆమెకు షికారు కాదు. ఆయనతో కలిసి వేసుకున్న దారి. ఆయన పేరు మీద తాను చేయగల మాసికం అదొక్కటే అనిపించేది. కానీ ఆ మాట ఎవరితో అంటుంది? వినోదకు తప్ప ఎవరికీ మాట అర్థం కాని ముసలాయన కోడలితో యూరప్ మాట్లాడాడంటే ఇంట్లో ఎవరు నమ్ముతారు?

మాసికం భోజనాలయ్యాక, గిన్నెలు బోర్లించి, వినోద మొగుడు రాంచందర్‌కు విషయం చెప్పింది. ఆయన పద్నాలుగేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చాడు. ఇప్పుడు ట్రాక్టరు నడుపుకుంటూ, ఊర్లో ఇంకా దుబాయి రాంచందర్ అనే పిలిపించుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు. కొట్టడు, తాగి రాడు. అందుకే ఆయన మీద ఎవరికీ ఫిర్యాదు చేయడానికి వీలుండదు.

"ఆఫీసు పనికి పో, ఎవరొద్దన్నరు? పని అయినంక ఊరూరు తిరుగుడేంది? ఇంట్ల ఇంకా ఏడాది ఎల్లలే" అన్నాడు. అక్కడితో ఆగక, "నేను గన్నేండ్లు ఉంటి. మేము కట్టిన బిల్డింగు మీదికి ఒక్కసారన్న ఎక్కి చూడలే. పరాయి దేశం పోయేది పని చెయ్యనీకి" అన్నాడు.

నిజమే, పాపం, ఆయన ఏమీ చూడలేదు. ఆ పద్నాలుగేళ్లు ఈమె మాత్రం ఏం చూసింది? బర్లను, పొలాన్ని, బిడ్డను, అత్తమామలను చూసింది. ఆయనకు పని చేసినందుకు పేరు మిగిలింది, ఈమెకు పని మిగిలింది. ఇద్దరూ ఏమీ చూడలేదు కాబట్టి ఇద్దరిలో ఒకరు చూస్తే సంతోషపడాలి కదా అని ఆమెకు అనిపించింది. ఆయనకు మాత్రం అదే తప్పనిపించింది.

మరునాడు ఆడబిడ్డ శంకరవ్వ మెట్‌పల్లి నుంచి ఫోన్ చేసింది. తమ్ముడు చెప్పినట్టున్నాడు. "మా బాపు పోయి ఏడాది గాలే. నీకు అప్పుడే షికార్లు యాదికొచ్చినయా? నీకేం గుంజుతది, తండ్రి పోయింది మాకు" అంది. దినాల నాడు కూడా వచ్చిన చుట్టాల ముందు, కోడలి కంట్లో చుక్క నీళ్లు రాలేదని అన్నదీ ఆమే. రాలేదు నిజమే. ఎట్లా వస్తాయి? శవం లేచిన కాడి నుంచి పదకొండు రోజులు పూటకు నలభై మందికి వండింది. ఏడవాలంటే ఒక మూల కూర్చోవాలి, ఆమెకు కూర్చోవడానికి తీరలేదు. ఇప్పుడు ఎనిమిదో మాసికం ఫిబ్రవరి పద్దెనిమిదిన పడుతుంది, ఆనాటికి నువ్వు లేకపోతే ఎట్లా అని వాళ్ల ఫికర్. వదినా, నువ్వొచ్చి వండరాదూ అంటే, నేను ఆడబిడ్డను, వేరే ఇంటి మనిషిని, కోడలే వండాలంది. ఏడిచే హక్కు బిడ్డది, వండే పని కోడలిది. అత్త పోశవ్వ అన్నీ వింటూ గోడకు ఒరిగి కూర్చుంది. నాకేం తెల్వది, మొగోడు ఎట్లంటే అట్ల అని మాత్రం అంది.

చావు జరిగిన ఇంటి మనుషులను దగ్గరి చుట్టాలు తమ ఇంటికి నిద్రకు తీసుకుపోతారు. ఒక రాత్రి పడుకోబెట్టి, తెల్లారి తలంటి పోసి, అన్నం పెట్టి, కొత్త బట్ట కట్టి పంపుతారు. ఆ ఇంటి దుఃఖం కొంచెం అక్కడ వదిలి రావాలని అట్లా చేస్తారు. రాంచందర్‌ను మేనమామ తీసుకుపోయాడు. పోశవ్వను శంకరవ్వ తీసుకుపోయింది. హాస్టల్ నుంచి వచ్చిన దీపికను కూడా చిన్నాయన వరస వాళ్లు తీసుకుపోయారు. వినోదకు తల్లీ తండ్రీ లేరు, ఉన్న ఒక్క అన్న మస్కట్‌లో ఉన్నాడు. పైగా మనిషి పోయిన చోట పెట్టిన దీపం ఆరిపోకుండా చూడాలి, బర్ల పాలు పిండాలి. ఈసారి వీళ్లను పోనీ, నువ్వు తరువాత పోదువు అన్నారు. ఆ తరువాత మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు. ఆమెకు కూడా ఇంతకాలం గుర్తు రాలేదు. సాయిచంద్ అడిగిన కాగితం మీద వియన్నా అని, దాని పక్కన మూడు రాత్రులు అని రాస్తున్నప్పుడు వచ్చింది.

వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. ఎనిమిదో రోజు రాంచందర్, "సరే తియ్యి, నీ ఇష్టం" అన్నాడు. వినోద ఆ మాటను దాచుకున్నంత పదిలంగా పెళ్లినాటి చీరను కూడా దాచుకోలేదు. కరీంనగర్ పోయి, మాటిమాటికి సెలవు దొరకదు కాబట్టి సాయిచంద్ చూపించిన ఖాళీ కాగితాలన్నిటి మీద ముందే సంతకాలు చేసి వచ్చింది. హోటళ్లు కూడా తానే ఎంచింది. ప్రాగ్‌లో కిటికీ తెరిస్తే నది కనిపించే గది దొరికింది. ఆఫీసులో ఫిబ్రవరి ఇరవై ఒకటి దాకా సెలవు రాయించుకుంది.

వీసా వేలిముద్రలకు జనవరిలో హైదరాబాద్ పోయారు. తోడుగా రాంచందర్ కూడా వచ్చి, ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుని బయట కూర్చున్నాడు. అద్దం వెనక అమ్మాయి, సాయిచంద్ సీలు వేసి పంపిన కవరు చింపి కాగితాలు తిప్పింది. "తిరుగు ప్రయాణం ఫిబ్రవరి పదిహేనునే కదండీ?" అంది.

వినోద తొంగి చూసింది. తన సంతకం పైన ఉన్న తేదీలు తాను చెప్పినవి కావు. ఆఫీసు బుక్ చేసిన ఐదు రాత్రులు రాసి ఉన్నాయి, ఆ కింద ఏమీ లేదు. వియన్నా లేదు, ప్రాగ్ లేదు. కాదంటే ఈ కాగితాలు చెల్లవు, ప్రదర్శనకు పోవడం కూడా ఆగిపోతుంది. వెనక వరసలో ఎవరో ఓపిక లేక దగ్గారు.

"అవునండీ" అంది.

బయటికి వచ్చి సాయిచంద్‌కు ఫోన్ చేస్తే అతను నీళ్లు నమిలాడు. "అన్న వచ్చి మార్పియ్యమన్నడు అక్కా. మీరిద్దరు మాట్లాడుకున్నరనుకున్న. మీకు తెల్వదా?" అన్నాడు. తెలుసు అంది. మొగుడు తనకు చెప్పకుండా చేశాడని పరాయి పిల్లవాడితో చెప్పుకోవడం చేతకాలేదు. రాంచందర్ చాయ తెచ్చి చేతికిచ్చి, "పనికైతే పోతున్నవ్ గదా, పరేషాన్ గాకు" అన్నాడు. ఆయన నిజంగానే ఆమెకు మంచి చేశాననుకుంటున్నాడు. వినోదకు ఎక్కువ నొప్పి అక్కడే కలిగింది.

జర్మనీలో నాలుగు రోజులూ నిలబడి పసుపు గురించి చెప్పింది. ఇద్దరు వ్యాపారులు సరుకు ఒప్పుకున్నారు. చివరి రోజు స్టేషన్లో రైళ్ల బోర్డు మీద వియన్నా కనిపించింది. పన్నెండు నిమిషాల్లో బయలుదేరుతుంది. ఆ రైలు వెళ్లేదాకా నిలబడి చూసి, ఆ తరువాత విమానాశ్రయం రైలు ఎక్కింది. మామా, బోర్డు చూసిన అని మనసులో చెప్పుకుంది. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

పదహారున హైదరాబాద్‌లో దిగి జూబ్లీ బస్టాండుకు వచ్చింది. కరీంనగర్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు రమ్మని చెయ్యి ఊపాడు. ఎక్కితే సాయంత్రానికి ఇల్లు, ఇల్లు చేరితే ముందు వంట. సెలవు మాత్రం ఇరవై ఒకటి దాకా అట్లాగే ఉంది. దాన్ని రద్దు చేయించాలని రాంచందర్‌కు తట్టలేదు, ఎందుకంటే ఆమె జీతం తప్ప ఆమె సెలవులు ఆయనకు ఎప్పుడూ అవసరం పడలేదు. వినోద పెట్టె తోసుకుంటూ పోయి ఆదిలాబాద్ బస్సు ఎక్కింది. సీట్లో కూర్చుని రాంచందర్‌కు ఫోన్ చేసింది.

"దిగిన. ఇరవై రెండున ఇంటికొస్త."

"ఇరవై రెండా? పద్దెనిమిదిన మాసికం గదా?"

"నాకెరుకే."

"యాడికి పోతున్నవ్? ఎవరింటికి?"

"నిద్రకు పోతున్న. ఎవరింటికి కాదు" అంది. గొంతు పెంచలేదు.

ఆదిలాబాద్‌లో ఆమెకు ఎవరూ లేరు, అందుకే అక్కడ దిగింది. లాడ్జి గుమాస్తా ఆధార్ కార్డు రాసుకుంటూ ఒక్కరేనా అని అడిగాడు. అవునంది. పని మీద వచ్చారా అన్నాడు. పనేమీ లేదంది. పని లేని ఆడమనిషిని ఎప్పుడూ చూడనట్టు ఇంకోసారి చూసి తాళంచెవి ఇచ్చాడు. ఆ గది కిటికీ తెరిస్తే పక్క ఇంటి రేకుల కప్పు, దాని మీద ఆరేసిన మిరపకాయలు కనిపించాయి. వినోద గోడ వైపు జరిగి పడుకుంది. ఎవరూ పిలవలేదు. మర్నాడు లేచేసరికి పదిన్నర అయింది. వీధి చివర ఒకామె జొన్నరొట్టెలు కాలుస్తుంటే పోయి కూర్చుని, వేడివేడిగా పెడితే తిన్నది. వేడిది తిని ఎన్నేళ్లయిందో.

పద్దెనిమిదిన పొద్దున ఫోన్ మోగింది. రాంచందర్ కోపంగా మాట్లాడతాడనుకుంది. గొంతు అట్లా లేదు.

"వినోదా, బాపుకు పప్పుల చింతపండు ఏస్తమా, ఏయమా?"

వెనక కుక్కర్ కూత, శంకరవ్వ మాట, పోశవ్వ దగ్గు వినిపించాయి. అంటే వదిన వచ్చింది. ముగ్గురూ పొయ్యి దగ్గరే ఉన్నారు.

"మీ అవ్వను అడుగకపోయినవ్?"

"అవ్వకు ఎరుక లేదట. అక్కకు గూడ తెల్వదట. గా మూడేండ్లు నువ్వే పెడ్తివి గదా."

"ఎయ్యకు" అంది వినోద. "పులుపు తాకితే నోరంత మండేది. కారం గూడ ఎయ్యకు. ఎల్లిపాయ ఎక్కువెయ్యి, గదైతే ఇష్టం. అన్నం మెత్తగ కానీ. పప్పు బాగ మెదుపు, పలుకు తగిలితే గొంతుల కొరబోతది. ఒక్కసారే పెట్టకు. రెండు ముద్దలకోపారి నీళ్లు తాపు. తల పైకెత్తి పట్టుకో, తొందర పెట్టకు, మింగిండా లేదా గొంతు చూసి..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది. చేతిలో ఫోను అట్లాగే ఉంది. ఎనిమిది నెలలుగా ఎక్కడ ఉందో తెలియని ఏడుపు కడుపులోంచి తన్నుకొచ్చింది. పక్క గదిలోకి వినిపిస్తుందేమో అనుకోలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

అవతల కుక్కర్ ఇంకోసారి కూసింది.

"ఏమైంది? నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అని అడిగాడు రాంచందర్.

"మా మామ సచ్చిపోయిండు" అంది వినోద.