మింగని గుక్క

కస్యానో పొద్దున్నే వానలో తడుస్తూ వచ్చి, ప్లాస్టిక్ సంచీలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. మా దూరపు చెల్లెలి కొడుకు వాడు, రాజధాని పాలికిర్‌లో అధ్యక్షుడి కార్యాలయంలో గుమాస్తా.

“ఒక్క సంతకం పెద్దమ్మా. రేపు క్షమాభిక్ష కమిటీ కూర్చుంటోంది.”

ఎవరి గురించో అడగక్కర్లేదు. ఎనిమిదేళ్ళ కింద నా కొడుకు వెల్టెన్‌ని కాల్చి చంపిన పెర్నార్డో గురించే. చంపినందుకు రాష్ట్ర కోర్టు ఒక శిక్ష వేసింది. ఓడలో దొంగతనంగా తుపాకీ తెప్పించినందుకు దేశపు కోర్టు ఇంకొకటి వేసింది. మొదటిదాన్ని కొలోనియాలో ఉండే మా రాష్ట్ర గవర్నరు పోయిన నెల మాఫీ చేశాడు. రెండోది ఆయన చేతిలో లేదు, అధ్యక్షుడే చెయ్యాలి. అది ఇంకా నాలుగేళ్ళు మిగిలి ఉంది.

“గవర్నరు నన్ను అడగలేదే?” అన్నాను.

“ఎందుకడుగుతాడు? ఫైల్లో ఉందిగా. పెర్నార్డో వాళ్ళ నాన్న సకావు మొక్క మోసుకొచ్చి మీ గుమ్మంలో వేళ్ళు దంచి, క్షమాపణగా రసం పిండిచ్చాడు. పెదనాన్న తాగాడు, నువ్వూ తాగావు. ఊరి చీఫ్ సాక్షి. అక్కడితో అయిపోయింది. మా ఆఫీసు వాళ్ళకే చాదస్తం, నీ నోటిమాట కూడా కావాలంట.”

కాగితంలో ఒకటే వాక్యం ఉంది. ‘ఆనవాయితీ ప్రకారం నేను సకావు తాగి ఇతన్ని క్షమించాను.’

“నాలుగింటికి రా.”

“ఇప్పుడే గీకెయ్యొచ్చుగా పెద్దమ్మా! మళ్ళీ ఈ వానలో...”

“రమ్మన్నానా? పో.”

నిజం ఏమిటంటే, ఆ రోజు నేను తాగలేదు. సకావు కళ్ళు మూసుకుని తాగుతాం, అందుకని అందరూ మూసిన కళ్ళనే చూశారు. నేను కొబ్బరి చిప్ప పెదాలకు ఆనించి పళ్ళు బిగించాను. జిగట రసం గడ్డం మీదుగా జారి బట్టల్లోకి పోయింది. వద్దని చిప్ప తోసేసే ధైర్యం నాకెక్కడిది? ఎదురుగా చీఫ్ ఉన్నాడు, మా ఆయన అప్పటికే తాగేశాడు. పెర్నార్డో అప్పుడు జైల్లో ఉన్నాడు. అంతా లేచి పంది మాంసం తిన్నారు. మా ఆయన పోయేదాకా నేను క్షమించాననే నమ్మాడు.

సీమపనస చెక్కు తీయడం మొదలుపెట్టి సగంలో వదిలేశాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. కాళ్ళకు అడ్డం వచ్చిన కోడిని దాని అమ్మతో సహా తిట్టాను. సంతకం పెడితే అబద్ధం. పెట్టకపోతే వాడు నాలుగేళ్ళు లోపలే ఉంటాడు, నా పాత అబద్ధం ఊరందరికీ తెలుస్తుంది. ఇంట్లో ఉండలేక వాగు దాటాను.

అవతల పెర్నార్డో తల్లి కియోమి ఇల్లు. పందుల దొడ్డి పక్కన ఆమె సకావు మొక్క చూరు దాటి పెరిగింది. ఊళ్ళో అందరూ సకావు పీకి ఇచ్చే విందులు ఎన్ని జరిగినా, ఆఖరికి మొగుడు పోయినప్పుడైనా ఆమె దాన్ని పీకలేదు. పిసినారి కియోమి అని ఊరంతా ఎకసెక్కాలాడేవాళ్ళు. నేనూ ఆడాను.

“వదినా, తడుస్తున్నావు. లోపలికి రా” అంది కియోమి.

“కూర్చోడానికి రాలేదు. ఆ రోజు నేను తాగలేదు.”

“తెలుసు.”

“ఏం తెలుసు నీకు?”

“ఎదురుగా ఉన్నది నేనేగా. నీ గొంతు కదల్లేదు.”

“మరి ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఎందుకున్నావే?”

“చెప్తే ఏం చేస్తారు, పట్టుకుని నోట్లో పోస్తారా? మర్నాడే దీన్ని నాటాను. నీకెప్పుడు తాగబుద్ధయితే అప్పుడు పీకుదామని. మధ్యలో ఎవరి విందుకో ఇచ్చేస్తే నీకేం మిగులుతుంది?”

నా కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆమె గునపం అందుకుంది. “ఇప్పుడు పీకనా?”

“ముట్టుకోకు!” అని అరిచాను. “మీ ఆయన దంచాడు, నువ్వు పెంచావు. చంపినవాడు మాత్రం ఒక్కసారి నా ఎదుట కూర్చోలేదు. వాడొచ్చి వాడి చేత్తో పీకాలి, వాడి చేత్తో దంచాలి.”

“అప్పుడు తాగుతావా వదినా?”

“నాకు తెలీదు.”

నాలుగింటికి కస్యానో వచ్చేసరికి కాగితంలో ఆ వాక్యం కొట్టేసి, కింద నా చేతిరాతతో రాశాను. ‘నేను తాగలేదు. క్షమించలేదు. అతన్ని వదలండి.’ సంతకం కూడా పెట్టాను.

వాడు మూడుసార్లు చదివాడు. “ఇదేంటి పెద్దమ్మా! క్షమించకుండా వదలమంటే అధ్యక్షుడు ఏమనుకుంటాడు? గవర్నరు కూడా నువ్వు తాగావనే కదా సంతకం పెట్టింది!”

“అనుకోనీ. తలుపు తియ్యడం వాళ్ళ పని. మిగతాది నాదీ వాడిదీ.”

“కమిటీ ఒప్పుకోకపోతే?”

“నన్ను పిలవమను. వాళ్ళ ముందే చెప్తాను.”

వాడు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నేను వసారాలో కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. వాగు అవతల కియోమి, మొగుడు పోయాక ఎవరూ ముట్టుకోని సకావు దంచే రాయి మీద నాచు గీకుతోంది. ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకున్నాను. కాసేపటికి చేతులు తీస్తే అది ఆగిపోయి ఉంది. ఎందుకాగిందా అని లేచి చూశాను. కియోమి ఆ రాయి మీద నీళ్ళు పోసి కడుగుతోంది.