గురువు పేరు చెప్పి మొదలుపెట్టాలి

ఆ కరపత్రాన్ని నేను గురువారం మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ పక్క షెడ్డులో చదివాను. అన్నాలు తిని మళ్ళీ మిరపకాయల కుప్పల చుట్టూ కూర్చున్నాం. తొడిమలు తీసే పనికి ఆ రోజు పద్దెనిమిది మందిమి ఉన్నాం. నా మనవరాలు శ్రీరమ్య కరాటే క్లబ్బు నుంచి తెచ్చి ఇంట్లో పడేసిన కాగితం అది. నున్నటి రంగుల కాగితం. పైన 'మన శిక్షకులు: వారి నేపథ్యం, వారి అంకితభావం' అని పెద్ద అక్షరాలు.

"గట్టిగా చదువు వెంకటరావమ్మా, మేమూ వింటాం," అంది జైనాబీ.

మొదటిది లాల్ అహ్మద్ మాస్టారు గురించి. "మిర్చి ఎగుమతుల రంగంలో ముప్పై ఏళ్ళ అనుభవం గల శ్రీ లాల్ అహ్మద్ గారు..."

షెడ్డంతా ఘొల్లుమంది.

"యార్డులో మిర్చి బస్తాల టిక్కీలు భుజానేసుకుని లారీకి ఎక్కిస్తాడు గదా, అదే ఎగుమతి," అంది జైనాబీ. "అట్లయితే మనమెవరమే? మిర్చి శుద్ధి నిపుణులం!"

రెండోది వాసిం. వాడికున్నది ఒక్క ట్రాలీ ఆటో. కాగితంలో 'రవాణా రంగ వ్యాపారవేత్త' అని రాశారు. దానికీ నవ్వారు. మూడోది 'విజయవాడ నుంచి విచ్చేయనున్న అనుభవజ్ఞురాలైన మహిళా శిక్షకురాలు'. పేరు లేదు, ఫొటో లేదు.

కాగితం వెనక్కి తిప్పాను. మళ్ళీ ముందుకు తిప్పాను. సాజిదా పేరు ఎక్కడా లేదు.

సాజిదా నాకు ఎదురుగానే కూర్చుని ఉంది. ఆ క్లబ్బులో ఆడపిల్లలకు తొమ్మిదేళ్ళుగా కరాటే నేర్పుతున్నది ఆ మనిషే. తల ఎత్తలేదు. వేళ్ళు ఆగలేదు. నవ్వేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు.

"నాకు తెలుసు పిన్నీ," అంది. "సోమవారమే చెప్పారు."

"ఏమని?"

"ఈ పని మానెయ్యమన్నారు. లేకపోతే క్లబ్బు మానెయ్యమన్నారు."

"ఈ పని మానేస్తే నీకూ మీ అమ్మకీ కూడెవడు పెడతాడంట? క్లబ్బుకు చోటిచ్చిన ఆ వీరాంజనేయులు గారా?"

"ఆలోచించుకోమన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితాన్ని చింపబోయి ఆగాను. చూపించాల్సిన వాళ్ళు ఉన్నారు.

వీరాంజనేయులు గారిది పాత పొగాకు గ్రేడింగ్ షెడ్డు. పొగాకు మానేశాక గబ్బిలాలు కాపరం ఉండేవి. క్లబ్బుకు వాడుకోమన్నాడు. మంచి పనే, కాదనను. ఆ గబ్బిలాల పెంటంతా చీపురు పట్టి ఊడ్చింది సాజిదా, వాసిం, మాస్టారు. ఈమధ్య షెడ్డు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. డాక్టర్ల పిల్లలు, ఇంజనీర్ల పిల్లలు చేరారు. ఇక అది క్లబ్బు కాదు, అకాడమీ అన్నాడాయన. అకాడమీ అన్నాక టిక్కీలు మోసేవాడు, తొడిమలు తీసేది ఉండకూడదు కాబోలు.

నెపం మాత్రం వేరే చెప్పారు. ముందు వారం ఒక డాక్టరు గారి పాపకు సాజిదా చెయ్యి తగిలి కళ్ళు మండాయట. తగిలిన మాట నిజమే. తొడిమలు తీసే చేతుల సంగతి మాకు తెలుసు. ఆముదం రాసినా, మజ్జిగతో కడిగినా ఆ మంట పోదు. సీజన్‌లో మా పిల్లలే మమ్మల్ని ముట్టుకోనివ్వరు. అందుకే జనవరి వచ్చిందంటే సాజిదా పిల్లల మీద చెయ్యి వెయ్యదు. సన్నటి వెదురు పుల్ల పట్టుకుని దాంతోనే మోచెయ్యి తట్టి ఎత్తిస్తుంది, మోకాలు తట్టి వంచుతుంది. పొద్దున ఐదున్నరకు క్లాసు, ఎనిమిదికి ఇక్కడ కుప్ప ముందు. తొమ్మిదేళ్ళలో ఆ పుల్ల ఎవరికీ నొప్పి పుట్టేలా తగలడం నేను చూడలేదు.

ఆ రోజు పాప గిర్రున తిరగబోయి తూలింది. పక్కనే ఇనప స్తంభం. సాజిదా పుల్ల పారేసి రెండు చేతుల్తో పాప మొహం పట్టుకుని ఆపింది. పట్టుకోకపోతే తల పగిలేది. ఆ సంగతి ఎవరూ రాయలేదు. కళ్ళు మండిన సంగతి మాత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపంతా తిరిగింది.

శుక్రవారం పని ఎగ్గొట్టి మిర్చి యార్డుకు పోయాను. గేటు పక్క టీ బండి దగ్గర దొరికాడు మాస్టారు. భుజం మీద గోనె పట్టా, కనుబొమల నిండా ఎర్రటి దుమ్ము.

"ఎగుమతులు ఎట్లా ఉన్నాయి మాస్టారూ?" అన్నాను కాగితం చూపిస్తూ.

ఆయనకు అర్థమైంది. గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ళేం రాసుకుంటే నాకేంటమ్మా? నా గురించి ఏం రాసినా నాకు పట్టదు."

"మీకు పట్టదు. రాయని దాని గురించి అడుగుతున్నా. సాజిదా ఏమైంది?"

"షెడ్డు ఆయనది."

"పిల్లలు ఎవరి వాళ్ళు?"

"నలభై మంది వెంకటరావమ్మ గారూ! షెడ్డు పోతే నలభై మందిని ఎక్కడ నిలబెట్టను, రోడ్డు మీదా? ఆ అమ్మాయే సరేనంది. నేను వెళ్ళి అడిగితే, మీ ఇష్టం సార్ అంది."

"అంటుంది! మీ మాటకు ఎదురు చెప్పొద్దని నేర్పింది మీరేగా!"

టీ బండి చుట్టూ ఉన్న ముఠా హమాలీలు మావైపు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. ఈ మనిషి పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర పెరిగాడు. పదహారేళ్ళకే రక్తం పడేలా దగ్గేవాడట. నల్లపాడులో రైలు పట్టాలు చూసే గ్యాంగ్‌మన్ కోటేష్ గారని ఒకాయన చేరదీసి, ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పి, కరాటే నేర్పాడు. మాస్టారు ఆ రుణం మర్చిపోలేదు. అందుకే క్లబ్బులో ఒక నియమం పెట్టాడు. బెల్టు పరీక్షకు నిలబడిన పిల్లలు ముందు వంగి నమస్కరించాలి. తన పేరు, తనకు నేర్పినవాళ్ళ పేరు గట్టిగా చెప్పాలి. ఆ తర్వాతే కాలు కదపాలి. మాస్టారైనా సరే, ఇప్పటికీ కోటేష్ గారి పేరు చెప్పే మొదలుపెడతాడు.

"ఆదివారం పరీక్ష కదా," అన్నాను. "ఆడపిల్లలు ఎవరి పేరు చెబుతారు?"

ఆయన పక్కకు చూశాడు. "నా పేరు చెప్పమన్నాను."

"కోటేష్ గారి పేరు పక్కనబెట్టి స్టేషన్ మాస్టరు పేరు చెప్పమంటే మీరు చెప్పేవాళ్ళా?"

ఆయన గ్లాసు బండి మీద పెట్టాడు. గోనె పట్టా సర్దుకుని లోపలికి పోయాడు. ఆ వీపు చూస్తే జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇంటికొచ్చి శ్రీరమ్యను కూర్చోబెట్టాను. ఏడో తరగతి పిల్ల, బ్రౌన్ బెల్టు పరీక్షకు పోతోంది. "నువ్వు సాజిదా మేడం పేరే చెప్పాలి," అన్నాను. తల ఊపింది.

ఆదివారం షెడ్డు ముందు షామియానా, కుర్చీలు, మైకు. అపార్ట్‌మెంట్ వాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు. జిల్లా సంఘం నుంచి ఎగ్జామినర్ ఒకాయన వచ్చి మాస్టారు పక్కన బల్ల ముందు కూర్చున్నాడు. వీరాంజనేయులు గారు మైకులో ఆ కరపత్రం మొత్తం చదివి వినిపించాడు. 'ఎగుమతుల రంగం' అన్న మాట దగ్గర మాస్టారు బల్ల మీదున్న కాగితాలు సర్దుకున్నాడు.

సాజిదా కూడా వచ్చింది. తెల్ల డ్రెస్ వేసుకోలేదు, బెల్టు కట్టలేదు. మామూలు చుడీదార్‌లో చివరి వరసలో నా పక్కన నిలబడింది. పరీక్ష ఉందని నాలుగైదు రోజుల ముందు నుంచే పనికి నాగా పెట్టి, చేతులు చల్లారబెట్టుకుని, తన చేత్తో పిల్లల నడుముకు బెల్టు కట్టేది ప్రతి ఏడాదీ. ఈ ఏడాది నిన్నటిదాకా పని చేసింది.

ఆడపిల్లల వంతు వచ్చింది. ఒక్కొక్కరే వచ్చి వంగి, పేరు చెప్పి, "మా గురువు లాల్ అహ్మద్ సార్!" అని అరుస్తున్నారు. డాక్టరు గారి పాప కూడా అదే చెప్పింది. ఆ తర్వాత శ్రీరమ్య వచ్చింది. నేను మునివేళ్ళ మీద లేచాను.

"నా పేరు శ్రీరమ్య. మా గురువు లాల్ అహ్మద్ సార్!"

"దొంగముండ!" అన్నాను గట్టిగానే. ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగి చూసింది. సాజిదా నా చెయ్యి పట్టుకుంది.

"నేనే చెప్పమన్నాను పిన్నీ. అందరికీ చెప్పాను. నా పేరు చెప్పి బెల్టు పోగొట్టుకుంటే ఎట్లా?"

"నీకు సిగ్గుందా అసలు?"

"ఉంది. అందుకే వెనక నిలబడ్డా."

ఇంతలో ఎగ్జామినర్ చెయ్యెత్తి శ్రీరమ్యను ఆపాడు.

"మాస్టరు గారూ, నాకొకటి అర్థం కావట్లేదు," అన్నాడు. మైకు దగ్గరగా ఉండటంతో అందరికీ వినబడింది. "మీ ఆడపిల్లలందరూ తిరిగే ముందు ఎడం మడమ నేలకేసి ఒకసారి నొక్కుతున్నారేంటి? చిన్నా పెద్దా అందరూ! కటాలోని అడుగుల్లో అది లేదు కదా. మగపిల్లలు చెయ్యలేదే? మీరే నేర్పారా?"

పక్కనున్న సాజిదా "అల్లా" అనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆమెకు నాలుగేళ్ళ కిందట మిరపకాయల ట్రాలీ మీద నుంచి పడి ఎడం చీలమండ విరిగింది. నెలన్నరకే మళ్ళీ క్లాసుకు వచ్చింది. అప్పటి నుంచి తిరిగే ముందు ఆ కాలు ఆగుతుందో లేదో అని మడమ ఒకసారి నొక్కి చూసుకుంటుంది. ఆమెకే తెలియని అలవాటు. పిల్లలు అదీ విద్యలో భాగమే అనుకుని నేర్చుకున్నారు. ఏ ఒక్కరూ వదల్లేదు.

మాస్టారు శ్రీరమ్య కాలి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మీరే నేర్పారా అండీ?" ఎగ్జామినర్ మళ్ళీ అడిగాడు.

"నేను కాదు," అన్నాడు మాస్టారు. లేచి నిలబడ్డాడు. "నేను మడమ నొక్కను. ఈ పిల్లలకు నేర్పింది నేను కాదండీ. ఇందాకటి నుంచి వీళ్ళందరూ వంగి నమస్కరించి అబద్ధం చెప్పారు. చెప్పించింది నేను."

"మాస్టారూ, కూర్చోండి," అన్నాడు వీరాంజనేయులు గారు.

"నేర్పిన మనిషి అదిగో, అక్కడ నిలబడి ఉంది. తొడిమలు తీస్తుంది. నేను యార్డులో హమాలీని. మా వాసిం ఆటో తోలతాడు. సాజిదా, ఇట్లా రా!"

సాజిదా కదల్లేదు. వీపు మీద చెయ్యి వేసి నేనే తోశాను. బిగుసుకుపోయి నడిచింది. మాస్టారు తన కుర్చీ ఆమెకిచ్చి పక్కన నిలబడ్డాడు. ఎగ్జామినర్ మాత్రం మెత్తబడలేదు. గురువు ఎవరైనా కటాలో లేనిది చేస్తే మార్కు పోతుందన్నాడు. తలా ఒక మార్కు కోశాడు. సాజిదా ఎదురాడలేదు. "నా తప్పే సార్, కొయ్యండి," అంది.

పరీక్ష అయ్యేదాకా వీరాంజనేయులు గారు ఆగాడు. బయటివాళ్ళ ముందు అరిచే రకం కాదు. కుర్చీలు ఖాళీ అయ్యాక వచ్చి నెమ్మదిగానే చెప్పాడు.

"సాయంత్రానికల్లా మీ సామాను తీసుకెళ్ళండి మాస్టారూ. నేను ఇంకెవరినన్నా చూసుకుంటాను."

"అట్లాగే అండీ," అన్నాడు మాస్టారు.

సామానంటే పెద్దగా ఏముంది? పన్నెండు మ్యాట్లు, రెండు గుద్దే బస్తాలు. వాసిం ట్రాలీ ఆటో తెచ్చి రోడ్డు మీద పెట్టాడు. సాజిదా పిల్లల్ని వరసగా నిలబెట్టి మ్యాట్లు చుట్టిస్తోంది. డాక్టరు గారి పాపను వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఇంకా కొంతమంది అట్లాగే పోయారు. ఎంతమంది మిగిలారో నేను చూడలేదు.

"రేపు పొద్దున క్లాసు ఎక్కడ మేడం?" అని శ్రీరమ్య అడిగింది.

"రాత్రికి ఫోన్ చేస్తా. ఐదున్నరకే. ఆ కొస సరిగ్గా పట్టుకో," అంది సాజిదా.

మ్యాటు ఒకటి నా ముందు పడి ఉంది. వంగి ఒక చివర పట్టుకున్నాను. రెండో చివర పట్టుకోడానికి మాస్టారు వచ్చాడు.

"ఇప్పటికి తెలిసిందా మీకు?" అన్నాను. "ఆ ఎగ్జామినర్ అడక్కపోతే ఏం చేసేవాళ్ళు? ఇంటికి పోయి పడుకునేవాళ్ళా? పాతిక మంది ఆడపిల్లల చేత అబద్ధం పలికించి, తొమ్మిదేళ్ళు చాకిరీ చేసిన మనిషిని పందిట్లో వెనక నిలబెట్టి..."

ఆయన మ్యాటు ఎత్తాడు. నేనూ ఎత్తాను. షెడ్డు నుంచి రోడ్డు దాకా ఆయన్ను తిడుతూనే నడిచాను. ఆయన ఒక్కసారి కూడా ఆపమనలేదు.