ఏడో నంబరు బీరు

నేను ఒక గాజు గ్లాసును. బీరు తాగే గ్లాసును కాను, బీరుకు మార్కులు వేసే గ్లాసును. తాగే గ్లాసులు పొడుగ్గా, నిండుగా, పదిమంది నవ్వుల మధ్య బతుకుతాయి. నేను పొట్టిదాన్ని. పొట్ట వెడల్పు, మూతి ఇరుకు. వాసన బయటికి పారిపోకుండా నన్నలా చేశారు. నాలో మూడు గుక్కలకు మించి ఎవరూ పోయరు. పుట్టి ఇరవై రెండేళ్లయింది, ఒక్కసారి కూడా నిండి ఎరగను.

ఉత్తరాదిలో ఎక్కడో ఒక కొలిమి దగ్గర ఒక మనిషి గొట్టంలోంచి ఊదితే పుట్టాను. ఆ మనిషి జన్మలో బీరు ముట్టలేదట. అక్కణ్ణించి గడ్డిలో చుట్టుకుని సంగారెడ్డి దగ్గర ఒక బీరు ఫ్యాక్టరీకి వచ్చి పడ్డాను. అక్కడి మేనేజరుకు నేనెందుకో తెలియక రెండేళ్లు నాలో గుండుసూదులు పోసుకున్నాడు. మనుషులు చదువుకున్నవాళ్లే గాని, ఎదుట ఉన్న వస్తువు ఎందుకుందో అడగడానికి వాళ్లకు నామోషీ.

నన్ను గుర్తుపట్టింది కోదండపాణి గారు. ఆ ఫ్యాక్టరీలో బీరు కాచే పనికి పెద్ద ఆయనే. సూదులు టేబుల్ మీద కుమ్మరించి, నన్ను వేడినీళ్లతో కడిగి, వెలుగుకేసి పట్టి చూశారు. రిటైరైన రోజు శాలువా కప్పి, ఇంకేం కావాలని అడిగితే నన్ను అడిగారు. శాలువా బీరువాలోకి పోయింది, నేను ఆయన చేతిసంచిలోకి వచ్చాను. ఆయనది ఒంటరి బతుకు. పెళ్లి మాటెత్తితే, "ఎప్పుడో మాల్టుతోనే అయిపాయె" అని నవ్వేసేవారు. మాల్టంటే బీరు కాచే బార్లీ మొలకలు.

తర్వాత హైదరాబాదులో సొంతంగా బీరు కాచి పోసే చోట్లు పెరిగాయి, వాటికి పోటీలు మొదలయ్యాయి. కోదండపాణి గారు తీర్పరి అయ్యారు. ఊళ్లో ఆయన్ని 'ముక్కు సార్' అనేవారు. ఆయనకు ప్రాణమైనది జర్మన్ల పద్ధతిలో చేసే శరత్కాలపు బీరు. వాళ్లు దాన్ని మార్చిలో కాచి, వేసవంతా చలిగదిలో పడుకోబెట్టి, ఆకులు రాలే రోజుల్లో బయటికి తీస్తారట. మనకు ఆకులు రాలే రోజులు వేరు గనక దసరా ముందు తీస్తారు. రాగి చెంబు తోమినట్టుండే రంగు. కాల్చిన రొట్టె పైపొర వాసనట. మొదట తీపి, చివర్లో చిన్న చేదు.

ఆయన నా మూతి మీద అరచెయ్యి మూసి, నన్ను రెండుసార్లు తిప్పి, చెయ్యి తీసి చిన్నగా పీల్చేవారు. పీల్చగానే కళ్లు మూసుకునేవారు. జనవరిలో ఒక జ్వరం వచ్చింది. తగ్గాక చెయ్యి మూయడం, తిప్పడం, పీల్చడం అన్నీ ఉన్నాయి, కళ్లు మాత్రం మూతపడలేదు. ఒకరోజు పక్కింటావిడ తలుపు బాది, "గ్యాసు వాసనొస్తున్నది సార్, చూస్కోరా?" అని అరిచింది. పొయ్యి ముందే నిలబడి ఉన్నారాయన. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. ముక్కు సార్ అన్న పేరు తప్ప ఆ మనిషికి వేరే ఆస్తి లేదు మరి.

రంగు చూసి, నాలుక మీది తీపిని, చేదును చూసి, పాత జ్ఞాపకంలోంచి వాసన మార్కులు వేసేవారు. ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చారు.

దసరా ముందటి పోటీ ఒక ఆదివారం పొద్దున జరిగింది. ఆయన బల్ల దగ్గర మరో ఇద్దరు తీర్పరులు, హిమజ, ఫెలిక్స్. బీరుకు పేరుండదు, నంబరే. కాగితం మీద మార్కులు వేసేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. యాభైకి ఏడు మార్కులకు మించి తేడా వస్తే మాత్రం మాట్లాడుకుని దగ్గరికి రావాలి. ఆ బల్ల దగ్గరికి తలలో పూలు, ఒంటికి సెంటు పనికిరావు. ఒకప్పుడు మల్లెపూలతో వచ్చిన ఒకామెను కోదండపాణి గారే బయటికి పంపారు.

ఏడో నంబరు నాలోకి వచ్చింది. రంగు బ్రహ్మాండం. గుటక వేసి, 'నోట్లో నిండుగా, నున్నగా ఉంది' అని రాసి నలభై ఒకటి వేశారు. హిమజ ఇరవై రెండు, ఫెలిక్స్ ఇరవై నాలుగు. అయితే ఆ అంకెలు బయటపెట్టకముందే వాళ్లిద్దరూ ఆయన కాగితం మీది అంకె చూశారు.

"మీరు నలభై ఒకటి వేసిన్రంటే అండ్ల ఏదో ఉంటది సార్. మాకే దొర్కలే," అంటూ ఫెలిక్స్ ముప్ఫై ఆరు చేశాడు. హిమజ రబ్బరుతో చెరిపి ముప్ఫై ఐదు వేసింది. దాంతో అప్పటిదాకా ముందున్న నాలుగో నంబరు వెనక్కిపోయింది.

చెరిపిన మరక ఆయన కంట పడింది. "మొదలు ఎంత వేసినవమ్మా?"

"ఇరవై రెండు సార్."

"ఎందుకట్ల?"

"వెన్న కాగిన వాసన కొట్టింది సార్, ఈ బీరుకు అది ఉండొద్దు గద. పులియబెట్టే ఈస్టు పని కాకముందే ట్యాంకు సల్లగ చేసిన్రేమో అనుకున్న. కానీ ఈడ బామ్ వాసన బాగ కొడ్తున్నది గద, నా ముక్కే మోసపోయిందేమో అని..."

"బామ్ ఎవరు రాసుకున్నరు?" ఆయన గొంతు లేచింది.

ఫెలిక్స్ రొట్టెముక్కను తుంచుతూ కూర్చున్నాడు. హిమజ తల దించుకుంది.

"మీరే సార్."

పొద్దున తలనొప్పికి రాసుకున్నారు. ఆయన చెయ్యి నుదుటి దాకా వెళ్లి ఆగిపోయింది. తాను నిండుతనం అనుకున్న ఆ నునుపు వెన్నదే అని అప్పుడు తట్టింది. నన్ను మెల్లగా బల్ల మీద పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. గాజుకు ఏడుపేమిటంటారా? వచ్చింది, అంతే.

"నాకు వాసన తెల్వదు బిడ్డా. జనవరిల జ్వరమొచ్చినప్పటి సంది తెల్వదు. మీ మార్కులు మీరు మళ్ల వేసుకోండ్రి."

తన కాగితాలన్నీ అడ్డంగా కొట్టేశారు. ఈ ఏడాది తాను కూర్చున్న మిగతా పోటీల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి, ఆ మార్కులు చెల్లవని సంతకం పెట్టారు. నాలుగో నంబరు గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టేవేళకు మేమిద్దరం బస్‌స్టాపులో ఉన్నాం.

ఏడాదైంది. రోజూ పొద్దున నాలో నాలుగు లవంగాలు వేసి పీల్చి చూస్తారు. డాక్టరు చెప్పాడట. ఆయనకు ఏ వాసనా తెలియదు. ఇన్నేళ్లు ఇన్ని వాసనలు మోశాను గాని నాకూ ఏదీ తెలియదు. ఆ సంగతి ఆయనతో చెప్పుకోవాలని ఎంతగానో ఉంటుంది.

నిన్న హిమజ ఫోను చేసింది. ఈ ఏడాది బల్లకు పెద్ద తనేనట. "నా పక్కన కూసోండి సార్. వాసన నేను చెప్త, మిగతాది మీరు చెప్పండి. మీరు లేంది మంచిగనిపిస్తలేదు."

ఏడాదిగా చూడని వెలుగు ఆయన ముఖంలో కనిపించింది. వస్తానంటారనే అనుకున్నాను. ఆయనా అనబోయారు, పెదవులు కదిలాయి.

"వద్దు బిడ్డా," అన్నారు. "నేను పక్కనుంటే నువ్వు మళ్ల చెరుపుతవు."

ఫోను పెట్టేశాక, మళ్లీ నాలో నాలుగు లవంగాలు వేసి, మూతి మీద అరచెయ్యి మూశారు.