అరువు స్విచ్చు

తడి దుప్పటి భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కుతున్న అరుణజ్యోతికి పైనుంచి బిడ్డ గొంతు వినబడింది.

"రేపు మీటింగుకు మా బడికి నువ్వే రా అక్కా. అమ్మొద్దు. మిస్సు ఇంగ్లీషుల మాట్లాడితే ఉత్తగ తలకాయ ఊపుతది."

కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఒళ్లు భగ్గుమంది.

ఎల్బీనగర్‌లో ఆ ఇంటి కింది పోర్షన్‌లోకి కిరాయికొచ్చి ఏడాది. ఓనరు బాపిరాజు కూతురు తేజస్విని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెబుతుంది. మర్నాటి పాఠం సాయంత్రమే మేడమీద చెప్పి చూసుకోవడం ఆమె అలవాటు. వినేది అరుణజ్యోతి బిడ్డ, ఒకటో తరగతి గీత. అరుణజ్యోతి చదువు తొమ్మిదితోనే ఆగింది. బిడ్డనైనా పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోవాలని ఎంత ఆశపడిందో! ఆ బిడ్డేమో బడి నుంచి రాగానే మేడెక్కుతుంది.

"ముందు పాఠం విను," తేజస్విని నవ్వింది. "జీన్ పని చెయ్యాలంటే ముందు దాని నకలు ఒకటి తయారవుతుంది. పనయ్యాక ఆ నకలు పోవాలి. ఎప్పుడో ఒకటి మాత్రం వెనక్కి తిరిగి, మళ్లీ జీన్‌లా మారి, ఇంకెక్కడో అతుక్కుంటుంది. దానికి సొంత స్విచ్చు ఉండదు. అందుకే చాలావరకు పాడైపోతాయి. అదృష్టం బాగుంటే పక్క జీన్ స్విచ్చు వాడుకుని వెలుగుతుంది. కోతుల్లో, మనలో అలా బతికినవి ఉన్నాయి. మన మెదడులో పనిచేసేది కూడా ఒకటుంది."

"అంటే పక్కింటోళ్ల కరెంటా?"

"అబ్బ! ఎంత బాగా చెప్పావే!"

ఆ మెచ్చుకోలు అరుణజ్యోతి గుండెలో ముల్లులా దిగింది. నేను కన్న బిడ్డ, నా దగ్గర నోరు విప్పని బిడ్డ, ఈమె పక్కన ఇట్లా వెలగాలా?

పైకెక్కి దుప్పటిని తీగ మీద విసిరింది.

"గీతా, కిందికి నడువ్."

"అమ్మా, పాఠం..."

"కోతుల పాఠం మనకెందుకే? నడువంటున్న గదా!"

తేజస్విని గబుక్కున లేచింది. "అరుణ గారూ, రేపు నేను రానని చెబుదామనే..."

"మీకెందుకు శ్రమ? నేనే పోత. తెలుగులనే అడుగుత. కన్నదానికి బిడ్డ సంగతి అడిగేటందుకు ఇంగ్లీషు గావాల్నా?"

గీత మూతి ముడుచుకుని మెట్లు దిగింది. అరుణజ్యోతి కూడా రెండు మెట్లు దిగి ఆగింది. అడగొద్దు, అడగొద్దు అనుకుంటూనే వెనక్కి తిరిగింది.

"గా నకలు పక్కదాని స్విచ్చుతోని వెలిగినంక... మొదటి జీన్ సంగతేంది? ఉత్తగ పడుంటదా?"

"లేదండీ. అది దాని చోట దాని పని చేసుకుంటూనే ఉంటుంది. నకలు ఒక్కోసారి కొత్త పని నేర్చుకుంటుంది, అంతే."

ఆ మాటకు మనసు చల్లబడాలి. కానీ ఇంకా మండింది. ఎంత తేలిగ్గా, ఎంత తియ్యగా చెప్పింది! ఇంకో ప్రశ్న అడగాలని తనకే నాలుక దురద పెడుతుంటే, ఇక గీతను ఏమని ఆపేది?