పురుగుల ఇంట్లో సెండాఫ్

నంగలి మొదలు బంగారుపేట దాకా ఊరూరా వెతికినా, పండిన పట్టుపురుగును ఏరడంలో పుష్పావతిని మించిన మనిషి దొరకదు. దొరికితే నా మీసం తీయించుకుంటాను. కళ్ళకు గంతలు కట్టినా సరే, ఏది పండిందో, ఏది ఇంకా ఆకు తింటుందో వేలికొసతో తాకి చెప్పేస్తుంది.

ఆ రోజు తెల్లవారుతుండగా మల్బరీ కొమ్మల మోపు నెత్తిన పెట్టుకుని, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, సున్నం చల్లిన గడప దాటి పురుగుల ఇంట్లో అడుగుపెట్టిన పుష్పావతి అక్కడే ఆగిపోయింది. నిన్నటిదాకా రేకుల మీద వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆకు నమిలిన పురుగులు ఒక్కసారిగా ఊరకున్నాయి. తలలు పైకెత్తి దేన్నో వెతుక్కుంటూ ఊగుతున్నాయి. తెల్లటి ఒళ్ళు పల్చటి తేనె రంగుకు తిరిగింది.

"అమ్మా! పండిపోయినాయే!"

తల్లి అక్కయమ్మ చేతిలో చీపురు పారేసి వచ్చింది. "రేపనుకుంటే ఈపొద్దే పండినాయి. అంతా ఎండ దెబ్బ. ఇంగేం చేసేది?"

పండిన పురుగు ఎవరి కోసమూ ఆగదు. అప్పటికప్పుడు ఏరి, వెదురుతో అల్లిన చంద్రికల మీద వదలాలి. లేదంటే కింది పెంటలోనే గూడు కట్టేస్తుంది. మరకపడ్డ గూళ్ళను సంతలో ఎవరూ ముట్టరు. ఏరడానికి వచ్చే ఆడవాళ్ళంతా మామిడికాయల పనికి శ్రీనివాసపురం తోటలకు వెళ్ళిపోయారు. తండ్రి రామాంజినప్ప కాయల లారీతో చెన్నై దారిలో ఉన్నాడు. పుష్పావతికేమో ఆ రోజే డిగ్రీ చివరి పరీక్ష.

"నేను పోనులేమ్మా. మళ్ళా రాసుకుంటా."

"చెప్పు తీసుకుంటా! మన ఇంట్లో డిగ్రీ చదివినోళ్ళు యాడుండారు ఇంతవరకు? పో."

"ఒక్కదానివే ఎట్ల ఏరతావు?"

"నాకు పది వేళ్ళుండాయి. పెన్ను పట్టుకునేదానికి నీకు మూడు చాలు. పో అంటే పోవే!"

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఎప్పుడూ అంతే. కేజీఎఫ్‌లో కాలేజీకి వెళ్ళినా వెనక బెంచీలో కిటికీ పక్కనే. మల్బరీ పసరు వాసన, పురుగుల వాసన తన బట్టల్లో ఉంటాయని, గాలి వాటిని బయటికి తీసుకుపోవాలని ఆమె ఆశ. ఇంట్లో పురుగులున్నప్పుడు సెంటు కాదు కదా, పౌడరు కూడా రాసుకోరు, మల్లెపూలు తురుముకోరు. ఆ వాసనలు పురుగులకు పడవు. అందుకే కాలేజీలో పండగ అనే మాట వినగానే, ఎవరో ఒకరు బుస్సుమని సెంటు కొట్టేలోగా ఆమె బస్టాండు చేరిపోయేది. మీ ఇంట్లో ఏం చేస్తారే అని అడిగితే వ్యవసాయం అనేది. అబద్ధమేం కాదు. నిజం కూడా పూర్తిగా కాదు. ఈ పూట దాటితే ఆ చదువు అయిపోతుంది. ఎవరూ తనను సరిగ్గా చూడకుండానే అయిపోతుందని తోచి, ఆమె కిటికీ అద్దం ఇంకాస్త జరిపింది.

పరీక్ష అర్థశాస్త్రం. గ్రామీణ పరిశ్రమల మీద ఒక పెద్ద ప్రశ్న వచ్చింది. పుస్తకంలో ఉన్నది ఒక పేజీ రాసింది. తర్వాత పెన్ను దానంతటదే పురుగుల ఇంట్లోకి నడిచింది. జొన్నగింజంత పురుగు వేలంత ఎలా అవుతుందో, ఎండ ముదిరితే ఏమవుతుందో, మామిడి కాలంలో చేతులు ఎందుకు దొరకవో రాసుకుంటూ పోయింది. ఇన్నాళ్ళూ స్నేహితులకు చెప్పనిదంతా, ముఖం తెలియని పరీక్షకుడికి చెప్పేసింది. బెల్లు మోగాక కాగితాలు ఇచ్చి, మెట్లు దిగి గేటు వైపు పరుగెత్తింది.

గేటు దగ్గర సెలీన్ చేతులు చాచి నిలబడింది. బంగారు గని పనివాళ్ళ లైను ఇళ్ళలో పుట్టి పెరిగిన పిల్ల. తల్లి రోజూ రైలెక్కి బెంగళూరు గార్మెంట్సుకు పోతుంది. "ఏమ్మే, ఈపొద్దు కూడా పారిపోతాండావా? టెంపో వచ్చేసింది. బేతమంగళం చెరువు కాడ బిర్యానీ, ఫొటోలు. ఎక్కు!"

"రాలేను సెలీన్. ఇంట్లో పురుగులు పండినాయి."

"పండుకు పురుగు పట్టేది విన్న్యాను గానీ, పురుగు పండేదేందే?"

పుష్పావతి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. సెంటు సంగతి, కిటికీ సంగతి, ఒంటరిగా ఏరుతున్న తల్లి సంగతి. చుట్టూ క్లాసంతా మూగింది. సెలీన్ నోరు తెరిచి విని, పకపకా నవ్వింది.

"అయ్యో దేవా! సెంటు వద్దు, పువ్వు వద్దు అంటాంటే నువ్వు దొంగగా ఏదో ప్రార్థన సంఘంలో చేరినావనుకున్న్యాం! మా అమ్మయితే నిన్ను చూసి నేర్చుకోమని నన్ను రోజూ తిట్టేది!"

ఆస్టిన్ ముందుకొచ్చాడు. క్లాసులో అందరికన్నా పొడుగు, మాటలు అంతకన్నా పొడుగు. "మా తాత భూమి అడుగు నుంచి బంగారం తీసినాడు. కండ్ల ముందర ఉండే పురుగును మేము తీయలేమా? డ్రైవరు మామా, టెంపో నంగలి పక్కకు తిప్పు!"

బిర్యానీ డేగిసాతో సహా టెంపో తిరిగింది.

పురుగుల ఇంటి ముందు అక్కయమ్మ గడపకు అడ్డంగా నిలబడి గాలి పీల్చి కేకేసింది. "నిలవండి ఆడే! అంతా సెంటు కంపు! ఒక్క అడుగు లోపలికి పెట్టినారంటే నా పంటంతా సచ్చిపోతాది!"

ఆఖరి రోజు కదా అని, పుష్పావతి ఇంకా రాస్తుండగానే బయటికొచ్చి ఒకరి మీద ఒకరు సెంటు సీసాలు ఖాళీ చేసుకున్నారు మరి. ఇక మోటారు నీళ్ళ కింద తలంట్లు మొదలయ్యాయి. ఆడపిల్లలు శీకాయతో రుద్దుకుని అక్కయమ్మ పాత చీరలు చుట్టుకున్నారు. మగపిల్లలు రామాంజినప్ప లుంగీలు కట్టారు. ఒకరి వీపు మీద ఒకరు పేర్లు రాసుకున్న తెల్లచొక్కాలను ఆవుల కొట్టం అవతల, గాలి ఇటు రాని చోట దండెం మీద పడేశారు.

"ఆంటీ, ఇది నన్నే చూస్తాండాది!" అని ఆస్టిన్ మొదటి పురుగును పట్టుకున్న చేతిని దూరంగా చాచాడు.

"చూడనీ నాయనా. నీ అంత అందగాణ్ణి అది యాడ చూసింటాది?"

పుష్పావతి ఒక్కొక్కరి వేళ్ళు పట్టుకుని నేర్పింది. చల్లగా, మెత్తగా తగిలితే పండినట్టు. నొక్కకూడదు. చంద్రిక మీద మరీ దగ్గర దగ్గరగా వదలకూడదు. వెనక బెంచీ పిల్ల గొంతు గది ఆ మూల నుంచి ఈ మూలకు వినిపిస్తుంటే, అక్కయమ్మ ఏరడం మాని కూతుర్నే చూస్తూ నిలబడిపోయింది.

ఇక్కడొక మాట. పుష్పావతిని మించినవాళ్ళు లేరని మొదట్లో కోతలు కోశాను కదా. కాసేపటికల్లా సెలీన్ ఆమెను దాటేసింది. గార్మెంట్సు గుడ్డలకు ఇంట్లో దారాలు కత్తిరించిన వేళ్ళు అవి. పుష్పావతి ఒక చంద్రిక నింపేలోగా సెలీన్ రెండోది అడిగేది. మీసం సంగతంటారా, అది నాకు ఎప్పుడూ సరిగ్గా మొలవలేదు, దిగులు లేదు.

పొద్దు వాలేసరికి ఒక్క పురుగు కూడా పెంటలో మిగల్లేదు. ఆవరణలో బిర్యానీ, పక్కన రాగిసంగటి. సెండాఫ్ అంటే ముఖ్య అతిథి మాట్లాడాలని పట్టుబట్టి, ఒక గంప బోర్లించి అక్కయమ్మను కూర్చోబెట్టారు.

"నాకేం మాటలొస్తాయప్పా? ఆ కాలేజీలో నా బిడ్డ ఒంటిగా ఉండాదేమో అని మూడేండ్లూ దిగులు పడినాను. ఇంతమంది ఉండారని చెప్పనే లేదు, దొంగది."

పుష్పావతి తల వంచుకుంది. దొంగతనం కాదు. తనకూ ఈ రోజే తెలిసింది.

టెంపో బయలుదేరింది. సెలీన్‌కు బెంగళూరులో ఉద్యోగం, ఆస్టిన్‌కు హోసూరు ఫ్యాక్టరీ. లుంగీలు, పాత చీరలు చేతులు ఊపుకుంటూ మలుపు తిరిగాయి. కాలేజీ అయిపోయింది. రేపు బస్సెక్కే పనిలేదు. అయినా పుష్పావతి వీధిలో నిటారుగా నిలబడింది.

మిగతావన్నీ మూటకట్టుకుపోయినా, కొట్టం అవతల దండెం మీద ఆస్టిన్ చొక్కా ఒక్కటే ఉండిపోయింది. వీపంతా పేర్లు కిక్కిరిసి ఉన్నాయి, నడుమ మాత్రం అరచేయంత జాగా ఎవరూ రాయకుండా వదిలారు. పరీక్ష రాసిన పెన్నుతోనే ఆమె అక్కడ బడిలో నేర్చిన కన్నడ అక్షరాల్లో పెద్దగా రాసింది: పుష్పావతి, పురుగుల ఇల్లు, నంగలి. తెల్లారి చూస్తే దాని జేబులో ఒక పురుగు చక్కటి బంగారు గూడు కట్టుకుని ఉంది.

ఆ గూడు నా కల్పన. అంత సెంటు కొట్టిన చొక్కా దగ్గరికి ఏ పురుగు పోతుంది? చొక్కా మాత్రం నిజం. ఇంట్లోకి రానివ్వకుండా అక్కయమ్మ దాన్ని ఇంకా ఆ దండెం మీదే ఉంచింది, గాలి వీచినప్పుడల్లా అది పేర్లున్న వీపు ఇటు తిప్పుతుంది.